పేరు తెలియని రోగము – పేరెరిగిన ప్రభువు

ధ్యాన వాక్యభాగము: మార్కు సువార్త 5:25–34



మార్కు సువార్తికుడు మన యెదుట నిలువబెట్టిన ఈ స్త్రీ పేరు మనకు తెలియదు. ఆమె ఊరేదో చెప్పబడలేదు. రక్తస్రావమని వ్రాయబడెను గాని, ఆ రక్తస్రావమునకు కారణమైన రోగమేదో చెప్పబడలేదు. మనకు తెలిసిన సంగతులు మూడే. ఆమె పండ్రెండేండ్లు బాధపడెను, అనేక వైద్యులయొద్దకు తిరిగెను, కలిగినదంతయు వ్యయపరచెను. ఇంత చేసినను ఆమె స్థితి మునుపటికంటె చెడిపోయెనేగాని బాగుపడలేదు. లూకా తానే వైద్యుడు (కొలస్సయులకు 4:14). అట్టివాడును ఈ సంగతి వ్రాయుచు, ఆమెను ఎవరును బాగుచేయలేకపోయిరని దాచక ఒప్పుకొనెను. తన వృత్తివారి చేతగానితనమును ఇంత నిష్కపటముగా వ్రాసిన వైద్యుని మనము గౌరవింపవలెను.

బందరు మొదలుకొని నాగాయలంక వరకు, గుడివాడ మొదలుకొని కోడూరు వరకు, ఈ స్త్రీ కథవంటి కథ లేని పేట లేదు. ఒక తల్లికి ఆరు నెలలుగా ఒంట్లో సత్తువ లేదు. రాత్రివేళ నాలుగైదు మారులు లేవవలసి వచ్చుచున్నది. ఎన్ని నీళ్లు త్రాగినను నోరు పిడచకట్టుకొని పోవుచున్నది. అరికాళ్లలో చీమలు ప్రాకినట్లున్నది. రవికెలు వదులైనవి. ఊరిలోని ఆర్.ఎం.పి. గారు బలమునకని ఒక సూది వేసిరి. రెండు దినములు బాగుండి, మూడవ దినమున మరల మొదటికి వచ్చినది. పట్టణములో రక్తపరీక్ష చేయించగా, చక్కెర కొంచె మెక్కువగా నున్నదని కాగితము వచ్చినది. అది షుగరు జబ్బేనని ఒకరు, కాదు నీరసమని ఒకరు చెప్పిరి. దిగులువలన వచ్చినదని పొరుగింటి వదినగారి మాట. ప్రార్థనకూటమునకు వచ్చిన సహోదరుడు మాత్రము, “అక్కా, నీలో ఒప్పుకొనని పాపమేదో ఉన్నది” అని చెప్పి వెళ్లెను. ఆ రాత్రి ఆ తల్లికి నిద్ర పట్టలేదు. రోగముకంటె ఆ మాటయే ఆమెను ఎక్కువగా బాధించెను.

ఇది ఒకరి కథ కాదు, అనేకుల కథ. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వేలో మనదేశమున సుమారు 10 కోట్ల 10 లక్షలమందికి మధుమేహ మున్నదనియు, మరి 13 కోట్ల 60 లక్షలమంది దాని గడపమీద నున్నారనియు తేలినది. వీరిలో అనేకులు తమ సంగతి తామెరుగరు. కాబట్టి ఈ నెల ధ్యానములో, రోగమేదో తెలియక తల్లడిల్లు విశ్వాసి ఏమి చేయవలెను, అతని చుట్టునున్న సంఘము ఏమి చేయవలెను అను సంగతులను వాక్యపు వెలుగులో ఆలోచింతము.

1. దాచుకొనకుడి

ఆ స్త్రీ జనసమూహములో వెనుకతట్టునుండి వచ్చి ప్రభువు వస్త్రమును ముట్టెను. ముట్టిన వెంటనే బాగుపడెను. ఎవరికిని తెలియకుండ వచ్చినట్లే, ఎవరికిని తెలియకుండ వెళ్లిపోవలెనని ఆమె తలంపు. అయితే ప్రభువు నిలిచి, తన్ను ముట్టినవారెవరని అడిగెను. అప్పుడాయన యాయీరు ఇంటికి పోవుచుండెను. అక్కడ పండ్రెండేండ్ల చిన్నది చావుబ్రతుకులలో నున్నది. అట్టి త్వరలోకూడ ఆయన నిలిచెను. ఆమెను సిగ్గుపరచుటకు కాదు, ఆమె చేత చెప్పించుటకు నిలిచెను. ఆమె వణకుచు వచ్చి, జరిగినదంతయు ఆయనతో చెప్పెనని మార్కు 5:33లో చదువుచున్నాము. పండ్రెండేండ్లుగా ఆమె మాట కడవరకు వినిన వారెవరో మనకు తెలియదు. ప్రభువు మాత్రము కడవరకు వినెను.

మనము రెండు విధములుగా దాచుకొందుము. మొదటిది, పరీక్ష చేయించుకొనకుండుట. “చేయిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది, తెలియకుండా ఉండుటే మేలు” అని పలువు రనుచుందురు. మన తీరపు ప్రజలు ఈ మాట అనదగినవారు కారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుమీదికి పొర్లివచ్చినప్పుడు సుమారు 30,000 మంది నశించిరి. అప్పుడు తుఫాను వచ్చుచున్నదని ముందుగా చెప్పుటకు సాధనములు లేవు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై ఉప్పెన వచ్చి, పదివేలకు పైగా ప్రాణములను కొనిపోయినది. ఆ దినమున తలిదండ్రులను, బిడ్డలను పోగొట్టుకొన్నవారు ఇంకను మన సంఘములలో ఉన్నారు. ఇప్పుడు మచిలీపట్టణములో తుఫానులను దూరమునుండి పసికట్టు రాడారు కలదు. రేవులో ప్రమాద సూచిక ఎగురవేయుదురు. పదవ నెంబరు సూచిక ఎగురవేసినందున తుఫాను వచ్చినదని ఎవడైనను అనునా? సూచికను దింపివేసినయెడల సముద్రము శాంతించునా? రక్తపరీక్షయు అట్టిదే. అది రోగమును పుట్టించదు. ఉన్నదానిని చూపును, తప్పించుకొనుటకు వ్యవధి నిచ్చును.

రెండవది, వైద్యునితో సగమే చెప్పుట. డాక్టరుగారి యెదుట కూర్చుండగానే మన నోరు మూతపడును. “నీరసమండి” అని ఒక్క మాట చెప్పి ఊరకుందుము. అరికాళ్ల తిమ్మిరి చెప్పము. మర్మాంగములయొద్ద దురద సిగ్గుచేత చెప్పము. చూపు మసకగా నున్నదని కళ్లజోళ్లవానితో చెప్పుదుము గాని వైద్యునితో చెప్పము. అంతకుముందు ఎవరెవరు ఏమేమి మందులిచ్చిరో చెప్పుటకు భయపడుదుము. ఇది ముఖ్యమైన సంగతి. ఒళ్లునొప్పులకును, ఆయాసమునకును, చర్మవ్యాధులకును ఇచ్చు కొన్ని స్టిరాయిడు మందులవలన రక్తములో చక్కెర పెరుగును. ఆ సూది సంగతి తెలియని వైద్యుడు కారణమును ఎట్లు కనుగొనును?

కాబట్టి ఆసుపత్రికి పోవుటకు ముందు ఒక కాగితముమీద వ్రాసికొనుడి: బాధ ఎప్పుడు మొదలైనది, బరువు ఎంత తగ్గినది, రాత్రి ఎన్ని మారులు లేచుచున్నారు, ఏయే మందులు మ్రింగిరి, తలిదండ్రులలోను తోబుట్టువులలోను ఎవరికి షుగరు కలదు, కాన్పు సమయములో చక్కెర పెరిగెనా, మానని పుండ్లున్నవా, దగ్గు విడువక యున్నదా. పాత చీటీలను, పరీక్ష కాగితములను పారవేయక ఒక సంచిలో పెట్టి తీసికొనిపొండి. చదువురానివారికి సండేస్కూలు పిల్లలు వ్రాసిపెట్టవచ్చును. ఆమె ప్రభువునకు అంతయు చెప్పినట్లు, మీరును వైద్యునికి అంతయు చెప్పుడి. అట్లు చెప్పుట విశ్వాసలోపము కాదు.

2. తొందరపడి తీర్పు తీర్చకుడి

లేవీయకాండము 13వ అధ్యాయమును మన సంఘములలో ఎక్కువగా చదువరు. మచ్చలు, పొక్కులు, వెండ్రుకలు అని విసుగుకొని దాటిపోవుదురు. అయితే రోగనిర్ణయము ఎట్లు చేయవలెనో దేవుడు తన ప్రజలకు నేర్పిన పాఠమందున్నది. ఒకని చర్మముమీద మచ్చ కనబడినప్పుడు యాజకుడు దానిని చూడవలెను. సందేహము కలిగినయెడల వెంటనే కుష్ఠరోగి అని ముద్ర వేయకూడదు. ఏమియు లేదని పంపివేయనుకూడదు. ఏడు దినములు కనిపెట్టి మరల చూడవలెను. అప్పటికిని తేలనియెడల ఇంకను ఏడు దినములు కనిపెట్టవలెను. మచ్చ వ్యాపింపక వాడిపోయినయెడల, అది వట్టి పొక్కే అని చెప్పి అతనిని ఇంటికి పంపవలెను. మనుష్యునికి రోగి యని పేరు పెట్టుట చిన్న సంగతి కాదు గనుక దేవుడు ఇంత నిదానమును విధించెను.

నేటి వైద్యులును చక్కెర విషయములో ఈ నిదానమునే పాటింతురు. రాత్రి భోజనము తరువాత ఎనిమిది గంటలైనను నీళ్లు తప్ప ఏమియు తీసికొనక, ఉదయమున నరమునుండి తీసిన రక్తములో చక్కెర 100 మిల్లీగ్రాములకు లోపుగా నుండుట మంచిది. 126 గాని అంతకు మించి గాని యున్నయెడల అది మధుమేహమునకు గురుతు. 100కును 126కును నడుమ నున్నది గడపమీది స్థితి. కొందరు వైద్యులు ఆ గడపను 110 నుండి లెక్కింతురు. 75 గ్రాముల గ్లూకోజు త్రాగించి రెండు గంటల తరువాత చూచినప్పుడు 200 గాని అంతకు మించి గాని యున్నను మధుమేహమే. గడచిన రెండు మూడు నెలల సగటును తెలుపు హెచ్‌బిఎ1సి పరీక్షలో 6.5 శాతము గాని అంతకు మించి గాని యుండుట మరియొక గురుతు. రక్తహీనత గలవారిలో ఈ పరీక్ష లెక్క తప్పుగా రావచ్చును; మన స్త్రీలలో రక్తహీనత మెండు గనుక దీనినికూడ వైద్యునికి చెప్పవలెను.

దాహము, అతిమూత్రము, బరువు తగ్గుట మొదలగు లక్షణములు స్పష్టముగా ఉండి, ఏ వేళ చూచినను చక్కెర 200కు మించినయెడల నిర్ణయమునకు అది చాలును. లక్షణములు స్పష్టముగా లేనప్పుడు ఒక్క కాగితమును బట్టి తీర్పు చెప్పరు. మరియొక మారు పరీక్షింతురు. వేలుకొనపై గుచ్చి చూచు చిన్న యంత్రము జబ్బు తెలిసిన తరువాత ఇంటివద్ద చూచుకొనుటకు మంచి సాధనము. తొలి నిర్ణయమునకు మాత్రము ప్రయోగశాల పరీక్షయే కావలెను. జ్వరములోను, చీము పట్టిన పుండు ఉన్నప్పుడును, గొప్ప ఆపరేషను సమయములోను చక్కెర కొంతకాలము పెరిగి మరల తగ్గవచ్చును.

చక్కెర కొంచె మెక్కువైనంత మాత్రమున ప్రతి బాధకును అదే కారణమని అనుకొనకూడదు. నీరసమునకు రక్తహీనత కారణము కావచ్చును; థైరాయిడు గ్రంథి లోపము కావచ్చును. బరువు తగ్గి సాయంకాలము జ్వరము, విడువని దగ్గు ఉన్నయెడల క్షయ పరీక్ష తప్పక చేయింపవలెను. షుగరు గలవారికి క్షయ సోకు ప్రమాదము ఇతరులకంటె రెండు మూడు రెట్లు ఎక్కువ. ఒకే దేహములో రెండు రోగములు దాగియుండవచ్చును. ఒకటి దొరకినదని రెండవదానిని వెదకుట మానరాదు.

కనిపెట్టుట కష్టమే. పరీక్షకును పరీక్షకును నడుమనున్న ఆ వారము, ఆ పదిదినములు, రోగమంత బరువుగా నుండును. ఆ దినములలో 139వ కీర్తన తెరచి చదువుడి. తనలో నున్నదానిని తానే ఎరుగలేనివాడు, తన్ను పరిశోధింపుమని దేవుని అడుగుచున్న ప్రార్థన అందున్నది. ఏ వైద్యుడును ఇంకను పేరు పెట్టని బాధను దేవుడు ఎరుగును. కాగితము వచ్చువరకు ఆయన కనిపెట్టవలసిన పని లేదు.

అయితే ఒక హెచ్చరిక. చక్కెర మిక్కిలి పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, మగత కలిగినయెడల అది కనిపెట్టు సమయము కాదు. వెంటనే 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చవలెను. త్రోవ పొడవున ప్రార్థన చేయవచ్చును.

3. నింద మోపకుడి

పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన మొదటి ప్రశ్న, ఎవరి పాపమువలన అని (యోహాను 9:2). వాని ఆకలిని గూర్చి వారడుగలేదు. వాని పేరును అడుగలేదు. ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. వాని పాపముగాని వాని తలిదండ్రుల పాపముగాని కారణము కాదని చెప్పి, చేయవలసిన పనికి పూనుకొనెను. మంచముమీద నున్నవానికి పాపపు పట్టీ చదివి వినిపించువారు ప్రభువు ప్రక్కను కాదు, యోబు స్నేహితుల ప్రక్కను కూర్చున్నారు. తిండిలోను అలవాట్లలోను మనము జాగ్రత్త తప్పినది సత్యమైనయెడల దానిని ప్రేమతో దిద్దుకొనవచ్చును. అయితే ఏ తప్పును ఎరుగని పసిబిడ్డలకును షుగరు వచ్చుచున్నది. వారిలో ఇన్సులినును పుట్టించు కణములు నశించుటవలన అది వచ్చును. వారిపై ఏ నింద మోపుదురు?

మరికొందరు ఆసా రాజును చూపుదురు. అతడు పాదములలో రోగము కలిగినప్పుడు యెహోవాను వెదకక వైద్యులను వెదకెనని 2 దినవృత్తాంతములు 16:12లో నున్నది గనుక, విశ్వాసి ఆసుపత్రికి పోకూడదని వాదింతురు. ఆ అధ్యాయమును మొదటినుండి చదువుడి. ఆసా యుద్ధములో దేవుని విడచి సిరియా రాజును నమ్ముకొనెను. తప్పు చూపిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించెను. కడపట పాదములు చెడినప్పుడును ఆ మొండితనమునే విడువలేదు. గ్రంథము తప్పుపట్టినది అతడు వైద్యులను పిలిచినందుకు కాదు, దేవుని విడచినందుకు. వైద్యమే పాపమైనయెడల, హిజ్కియా పుండుమీద అంజూరపు ముద్ద కట్టుమని యెషయా ఎట్లు చెప్పును? దేవుడు అప్పటికే అతనికి పదునైదేండ్ల ఆయుష్షును వాగ్దానము చేసియుండెను (2 రాజులు 20:5–7). వాగ్దానము చేసిన దేవుడే మందు కట్టించెను. ప్రభువైన యేసు తానే, రోగులకు వైద్యుడు కావలెనని ఒప్పుకొని మాటలాడెను (మార్కు 2:17). కడుపునొప్పి గల తిమోతికి పౌలు వట్టి ఉపదేశమే గాక ఔషధముకూడ చెప్పెను (1 తిమోతి 5:23).

మన దేశపు పూర్వ వైద్యులు ఈ రోగమును ఎరుగుదురు. రోగి మూత్రమునకు చీమలు పట్టుట చూచి దీనికి మధుమేహమని పేరు పెట్టిరి. పేరు తెలిసెను గాని, రోగము తీవ్రమైన పిల్లలను బ్రతికించు మార్గము వేల ఏండ్లు తెలియలేదు. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు జంతువుల క్లోమమునుండి ఒక రసమును తీసిరి. 1922 జనవరి 11వ తేదీన చావునకు సిద్ధముగా నున్న పదునాలుగేండ్ల బాలునికి దానిని ఇచ్చిరి. ఆ మొదటి మందు శుద్ధముగా లేనందున గుణము కనబడలేదు. వారు నిరాశపడక, కాలిప్ అను సహకారి దానిని శుద్ధిచేయగా, పండ్రెండు దినముల తరువాత మరల ఇచ్చిరి. ఈ మారు చక్కెర దిగెను, బాలుడు తేరుకొనెను. కనుగొన్నవారు ఆ హక్కులను తలకొక్క డాలరునకు విశ్వవిద్యాలయమునకు ఇచ్చివేసిరి.

మన పొరుగున భీమవరములో 1895లో జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు తన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అను ప్రేగుల వ్యాధికి పోగొట్టుకొనిరి. ఆ దుఃఖముతో వైద్యశాస్త్రమున ప్రవేశించి అమెరికాకు పోయి పరిశ్రమించిరి. వారి ఆధ్వర్యమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికిని కొన్ని రక్తహీనతలకును మందాయెను. ఈ జ్ఞానమంతయు ఎక్కడనుండి వచ్చినది? మంచి ఈవి ప్రతిదియు పైనుండియే వచ్చుచున్నదని యాకోబు 1:17 నేర్పుచున్నది కదా.

అందుచేత ఒక మాట గట్టిగా చెప్పవలసియున్నది. ఏ వేదికమీదనైనను, ఏ కూటములోనైనను ఎవరైనను “నీవు బాగుపడితివి, మందులు పారవేయుము, ఇన్సులిను మానుము” అని చెప్పినయెడల వినకుడి. ఇన్సులినుపై ఆధారపడిన బిడ్డకు దానిని ఆపినయెడల కొద్ది దినములలోనే ప్రాణాపాయము కలుగును. దేవుడు బాగుచేయలేడని మేము చెప్పుట లేదు. ప్రభువు బాగుచేసిన కుష్ఠరోగిని ఆయనే యాజకునికి కనబరచుకొనుమని పంపెను (మార్కు 1:44). స్వస్థత నిజమైనయెడల పరీక్షలోను కనబడును. మందు తగ్గింపవలెనా మానవలెనా అని వైద్యుడే చూచి చెప్పును. నిజమైన స్వస్థత పరీక్షకు భయపడదు.

4. ఒంటరిగా విడువకుడి

పండ్రెండేండ్ల రోగముకంటె పండ్రెండేండ్ల ఒంటరితనము ఆమెకు భారమై యుండును. ధర్మశాస్త్రము చొప్పున ఆమె ముట్టినది అపవిత్రము. పండుగకు పిలుచువారు లేరు. మన సంఘములలో ఎవరును అపవిత్రులు కారు గాని, ఒంటరివారు కలరు. ఒకరి భారము లొకరు భరింపుడను గలతీయులకు 6:2లోని ఆజ్ఞ ఇక్కడ ఎట్లు నెరవేర్చగలము?

మొదట, తోడుగా వెళ్లుడి. బందరులో జిల్లా ప్రభుత్వాసుపత్రి కలదు. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్యకళాశాలయు ప్రారంభమైనది. గుడివాడలో ఏరియా ఆసుపత్రి, అవనిగడ్డలో ప్రభుత్వాసుపత్రి కలవు. గ్రామములలో ముప్పది ఏండ్లు దాటినవారికి చక్కెరయు రక్తపుపోటును చూచుటకు ఏ.ఎన్.ఎం. అమ్మలును, ఆశా కార్యకర్తలును పనిచేయుచున్నారు. అయితే ఎదురుమొండి వంటి లంకనుండి పడవ దాటి, బస్సెక్కి, ఏ గదికి పోవలెనో తెలియక వరండాలో నిలుచున్న ముసలమ్మకు ఈ ఏర్పాటులన్నియు ఉండియు లేనట్లే. స్త్రీల సమాజమువారు నెలకొక దినము ఏర్పరచుకొని, ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకొని వెళ్లినయెడల అది గొప్ప పరిచర్య యగును.

రెండవది, పాదములను చూడుడి. ప్రభువు శిష్యుల పాదములు కడిగి, మీరును ఇట్లు చేయుడని మాదిరి చూపెను (యోహాను 13). షుగరు గలవారి అరికాళ్లలో స్పర్శ నశించును. వరిచేలలోను, రొయ్యల చెరువుల గట్లమీదను, ఉప్పునేలమీదను చెప్పులు లేక నడచువారికి ముల్లు గ్రుచ్చుకొన్నను, గాజుపెంకు కోసినను తెలియదు. తెలిసేసరికి పుండు ఎముక పట్టును. కాలు తీయవలసి వచ్చును. వేడినీళ్ల కాపడముతో బొబ్బలెక్కినను వారికి తెలియదు. కోడలా, రాత్రి దీపము ముందు అత్తగారి పాదములను చేతితో తడిమి చూడుము. మనుమడా, తాతగారి వ్రేళ్ల సందులను చూడుము. పవిత్ర గురువారమున మనము చదువు వాక్యమునకు ఇంతకంటె దగ్గరి విధేయత దొరకుట కష్టము.

మూడవది, మన ఆచారములలో దయ చూపుడి. శ్రమదినములలోను, ఉపవాసప్రార్థనలలోను, షుగరు మాత్రలు మ్రింగువారిని, ఇన్సులిను పుచ్చుకొనువారిని వైద్యుని అడుగక ఉపవాసముండుడని బలవంతము చేయకూడదు. మందు మ్రింగి అన్నము మానినయెడల చక్కెర పడిపోయి చెమటలు, వణకు, మతిభ్రమణ కలుగవచ్చును. అట్టివేళ స్పృహయుండగనే చక్కెర నీళ్లు త్రాగింపవలెను. అట్టివారు ఆ దినములలో అన్నమునకు బదులుగా కోపమును, కొండెములను మానుకొనిన చాలును. యెషయా 58వ అధ్యాయము అట్టి ఉపవాసమునే మెచ్చుకొనుచున్నది. ప్రేమవిందులో “ఒక్కటి తింటే ఏమవుతుంది అన్నయ్యా” అని బందరు లడ్డు చేతిలో పెట్టుట ప్రేమ కాదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువల నీరు వచ్చినప్పటినుండి మన డెల్టా అన్నపుగిన్నె యైనది. అందుకై దేవునికి స్తోత్రము. అయితే మూడు పూటల తెల్లన్నపు రాశి పెట్టుకొని, కూర కొసరుగా నంజుకొను అలవాటును తగ్గింపవలెను. పప్పు, ఆకుకూరలు, చేపలు పెంచి, అన్నము తగ్గించి, దినమునకు అరగంటయైనను నడచినయెడల గడపమీద నున్న పలువురు లోపలికి పడక నిలువగలరు.

కడవరి మాట

ప్రియులారా, కొందరికి పరీక్షలన్నియు చేసి వైద్యులు, “షుగరు లేదు, భయము లేదు” అని చెప్పుదురు. వారు దేవునికి స్తోత్రము చెల్లింతురు గాక. కొందరికి, “ఉన్నది, జీవితాంతము మందు వాడవలెను” అని చెప్పుదురు. వారు పౌలును జ్ఞాపకము చేసికొందురు గాక. అతడు ముమ్మారు వేడుకొన్నను ముల్లు తీసివేయబడలేదు. ఆ ముల్లుతోనే నడచుటకు చాలినంత కృప ఇయ్యబడెను (2 కొరింథీయులకు 12:7–9). మరికొందరికి, “ఇంకను తెలియుట లేదు, మరల రండి” అని చెప్పుదురు. వీరి కష్టము అందరికంటె ఎక్కువ. రోగమునకు పేరు లేదు గనుక ఇంటివారు నమ్మరు; పనిచోట సెలవియ్యరు; తమ మాట తమకే సందేహమగును. వీరితో సంఘము చెప్పవలసినది ఒకటే: “మేము నమ్ముచున్నాము, మరల వెళ్లుదము, రండి.”

ప్రభువు ఆ స్త్రీని ఏమని పిలిచెనో గమనించితిరా? ఆమె రోగముపేరు పెట్టి పిలువలేదు. పండ్రెండేండ్లు లోకము ఆమెను రక్తస్రావము గలదిగానే చూచెను. ఆయన ఆమెను కుమారీ అని పిలిచెను. సువార్తలలో ప్రభువు ఒక స్త్రీని ఆ మాటతో పిలిచినది ఇక్కడనే కనబడుచున్నది. యాయీరు తన కుమార్తె నిమిత్తము ఆయన పాదములపై పడెను. ఈమె నిమిత్తము పడుటకు తండ్రి లేడు. ప్రభువే ఆమెకు తండ్రివలె నిలిచెను. సహోదరీ, రేపు నీ కాగితముమీద ఏ పేరు వ్రాయబడినను, ఏ పేరును వ్రాయబడకపోయినను, అది నీ పేరు కాదు. నీ పేరు ఆయన ఎరుగును. ఆ ధైర్యముతో లేచి, తోడు పిలుచుకొని, పరీక్షకు వెళ్లుము.

ప్రార్థన

మా దేహములను నిర్మించిన తండ్రీ, మాలో మరుగైయున్నది నీకు మరుగు కాదు. పేరు తెలియని బాధతో నున్న నీ బిడ్డలకు సత్యమును చెప్పు ధైర్యమును, కనిపెట్టు ఓపికను దయచేయుము. వైద్యులకు, నర్సులకు, పరీక్షశాలలలో పనిచేయువారికి జాగ్రత్తగల కన్నులను, దయగల మాటలను ఇమ్ము. రోగులపై నింద మోపిన మా నోళ్లను క్షమించి, వారి పాదములను చూచునట్లు మా చేతులను వంచుము. స్వస్థతనిచ్చినను, ముల్లుతో నడచు కృపనిచ్చినను, నీవు మా ప్రక్క నుండుమని యేసు క్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.